లాగినా ఊడని కనెక్టర్

అలెగ్జాండ్రియా, సోమవారం

దమియానాకు,

ప్రభువు కృపవల్ల క్షేమం. నా పని పోతుందని బెంగపడకు, నిలబడింది!

చర్చిలో పునీతుడి అస్థికల పేటిక పక్కన కెమెరా బిగించానా, మొక్కుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు పేటికతోపాటు కేబులునూ లాగి ముద్దుపెట్టుకున్నారు! కేబులు చివర తిప్పి బిగించే కనెక్టర్ ఊడి టీవీలో బొమ్మ రెండుసార్లు పోయింది. "మూడోసారి పోతే నువ్వూ పో నాయనా" అన్నారు పాదిరిగారు.

నొక్కి బిగించే కనెక్టర్లు అడిగితే కెమెరా సామాన్ల కొట్టు లబీబ్, "అంత ఖరీదువి ఎందుకు బోధకుడా, దండగ!" అని నా వాక్యాల పిచ్చిని వెక్కిరించాడు. "ఇసుకమీద ఇల్లు కట్టమంటావా? మత్తయి ఏడో అధ్యాయం చదువు!" అని అవే తెచ్చి బిగించాను.

నిన్న పండగ జనమంతా లాగారు. బొమ్మ చెదరలేదు! హల్లెలూయ!

పెద్ద పటకారు మీ తమ్ముడితో పంపు. పావురాలు పొదిగాయా? పిల్లలకు దీవెనలు.

జనం వెళ్లాక నీ పేరు తలచుకుని నేనూ ఆ కేబులును ముద్దుపెట్టుకున్నాను.

తాద్రోస్