ఏడో తొట్టి సంగతి

చిరంజీవి ఖియెమ్‌కు,

దలాత్ నుంచి అక్క న్యాన్ దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసాగానే ఉన్నాం. చలికి మీ బావగారి మోకాళ్ళ నొప్పి తిరగబెట్టింది, అంతే. అమ్మకు దగ్గు తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది.

నువ్వు పంపిన నూక్ మామ్ చేపల ఊట సీసా మూత తీయగానే ఫాన్ థియెట్‌లో మన పెరడంతా నా వంటింట్లోకి వచ్చినట్టయింది. నెత్తళ్ళూ ఉప్పూ నింపి ఊరబెట్టిన కొయ్య తొట్ల వరస, వాటి మధ్య నాన్న చెప్పుల చప్పుడు. తొట్టి కింద చిన్న గిన్నె పట్టి, తాను రుచి చూసి, పనివాళ్ళకూ ఇచ్చి, "ఏమంటారు? బాగా దిగిందా?" అని అడిగేవారు. "అయ్యా, మీ నాలుక మొద్దుబారింది. ఇంకో రెండు నెలలు ఆగాలి" అని వాళ్ళు మొహమాటం లేకుండా చెప్పేవారు. నాన్న పకపకా నవ్వేవారు. ఆగేవారు కూడా.

"నాన్నలా నవ్వుతూ కూర్చుంటే పని నడవదు. నువ్వు పెత్తనం చేసిన ఏడాది అందరూ గడగడలాడారట కదా. నేనూ అలాగే ఉండనా?" అని అడిగావు. వారం రోజులుగా జవాబు రాస్తున్నాను, చింపేస్తున్నాను.

గడగడలాడిన మాట నిజమే. నాన్న సైగాన్ ఆసుపత్రిలో ఉన్నారు. నాకు ఇరవై రెండేళ్ళు. ఆడపిల్లనని లోకువ కడతారేమోనని లోపల ఒకటే వణుకు. అందుకే నోరు పెంచాను. ఆలస్యంగా వచ్చినవాళ్ళని ఎండలో నిలబెట్టాను. నేను పెరట్లోకి వస్తే మాటలు ఆగిపోయేవి. అదే గౌరవమనుకుని మురిసిపోయాను.

ఆ ఏడాదే ఏడో తొట్టి పోయింది. తొట్ల పని చూసే తావ్ బాబాయి సరిగా చూసుకోక అడుగు కట్టు తెగిందనీ, ఏడాది ఊట ఇసుకలో ఇంకిపోయిందనీ నువ్వు విన్నావు. ఆ కథ అల్లింది నేనే.

బాబాయి నాకు ముందే చెప్పారు. "న్యాన్ తల్లీ, ఏడోదాని కట్టు వదులైంది. ఓసారి చూద్దువుగాని రా."

అందరి ముందూ ఆయన మీద విరుచుకుపడ్డాను. "పని ఎగ్గొట్టడానికి రోజుకో సాకా? నోరు మూసుకుని వెళ్ళు!"

తలొంచుకుని వెళ్ళిపోయారు. నాలుగు రోజులకు ఊట కారడం మొదలైంది. చూసినవాళ్ళున్నారు. ఒక్కరూ నా గుమ్మం తొక్కలేదు.

నాన్న తిరిగొచ్చి, "ముందుగా ఎవరూ చెప్పలేదా?" అని అడిగారు. "లేదు" అన్నాను. పక్కనే ఉన్న బాబాయి కిక్కురుమనలేదు. నెల తిరక్కుండా పని మానేసి ఫాన్ రీ వెళ్ళిపోయారు. నాన్న బతికుండగా నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నీ ఉత్తరం చదివాక ఉండబట్టలేక ఫాన్ రీ వెళ్ళాను. బాబాయి వసారాలో వల బాగుచేసుకుంటున్నారు. ఎదురుగా కూర్చుని అంతా ఒప్పుకున్నాను. ఆయన వల పక్కన పెట్టారు.

"తప్పు నాదీ ఉందమ్మా" అన్నారు. "ఊట కారడం నేనూ చూశాను. నీ గది దాకా వచ్చాను. ముప్ఫై ఏళ్ళు తిరిగిన చోటే. ఆ రోజు తలుపు తట్టడానికి చెయ్యి లేవలేదు."

తమ్ముడూ, నీకు నా జవాబు ఇదే.

ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించు. పనివాళ్ళకు నేనే వచ్చి చెబుతాను. నాన్న తద్దినానికి బాబాయి వస్తానన్నారు. బస్సు దగ్గరికి ఇంకెవరినీ పంపకు, నువ్వే వెళ్ళు.

ఇట్లు,
ఇన్నాళ్ళూ నీ దగ్గర తనది కాని మంచిపేరు మోసిన
అక్క న్యాన్