మల్బరీ పక్కన ట్రాక్

మార్చి 2, ఆదివారం

కుందలహళ్ళి నుంచి గంటన్నర. దొడ్డబళ్ళాపురం దాటాక మట్టిదారి, చివర నారాయణప్ప గేటు. నేల ఆయనది, ఆయన చిరాకూ ఆయనదే. షెడ్డులోకి కొత్త పట్టుపురుగులు వచ్చాయట. మళ్ళీ అవే షరతులు — పొద్దుటి మేత అయ్యేదాకా మా డర్ట్ బైకుల ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. షెడ్డు పక్కన బండి తోసుకుంటూ పోవాలి. సిగరెట్ వద్దు, దోమల క్రీమ్ వద్దు, సెంటు అసలే వద్దు.

"పురుగంటే పసిబిడ్డ మాదిరమ్మా. సొల్పం వాసన తగిలినా మేత ముట్టదు."

ఎనిమిది మందిమీ తలలూపాం. ఊపక చస్తామా? రెండేళ్ళలో మూడు చోట్లు పోయాయి. రెండింట్లో లేఅవుట్ రాళ్ళు పాతారు. మూడోది మా పాపమే — సైలెన్సర్లు పీకేసి తోలితే ఊరు ఊరంతా కర్రలు పట్టుకుని వచ్చింది. ఇప్పుడు మల్బరీ తోట పక్కన ఈ రెండెకరాల గరుకు నేల ఒక్కటే మిగిలింది.

వారంలో ఐదు రోజులు నేను మీటింగుల్లో ఒక గొంతుని. ఇక్కడ బండి మీద నిలబడి గుంతలోకి దిగినప్పుడే ఒళ్ళు నాదనిపిస్తుంది. ఇదీ పోతే నాకేం మిగలదు. అతిశయోక్తి కాదు, నిజం.

మార్చి 9, ఆదివారం

దుమ్ము. చినుకు పడి ఎన్ని నెలలైందో. రెండు రౌండ్లు కొట్టేసరికి మల్బరీ మొదటి నాలుగు సాళ్ళూ ఎర్రగా అయ్యాయి. నారాయణప్ప భార్య రత్నమ్మక్క కొంగుతో ఆకు తుడుస్తోంది — ఒక్కో ఆకూ.

"ఈ మన్ను ఆకు వేస్తే తింటాయా మే? ఇంక రెండు దినాల్లో నాలుగో జ్వరం. లేచినాక వాటి ఆకలి చూడల్ల నువ్వు..."

జ్వరం అంటే పురుగు కుబుసం విడిచే నిద్ర. మొదట విన్నప్పుడు మందు వేయరా అని అడిగి నవ్వులపాలయ్యాను.

నారాయణప్ప మాత్రం నవ్వలేదు. "దుమ్ముకేదన్నా దారి చూడండప్పా. లేదంటే నిలిపేద్దాము."

బళ్ళు ఆపేశాం.

మార్చి 13, గురువారం

దొరికింది! మా అపార్ట్‌మెంట్‌లో శుద్ధి చేసిన మురుగునీళ్ళు రోజూ మిగిలిపోతున్నాయి. టాయిలెట్లకు, మొక్కలకు పోగా ఎక్కడ పోయాలో తెలియక అసోసియేషన్ వాళ్ళు తలపట్టుకుంటున్నారు. ట్యాంకర్ తెచ్చుకుంటే పట్టుకుపొమ్మన్నారు. మా ఎనిమిది మందిలో ఒకడైన ఫిరోజ్‌కి ఫోన్ చేశాను.

"జీనియస్ యా నువ్వు."

నాకూ అలాగే అనిపించింది.

మార్చి 15, శనివారం

ట్రాక్ అంతా తడిపాం. పైపు నా చేతిలోనే ఉంది. ఎవరూ అడగలేదు — నేనే మల్బరీ వైపు తిప్పాను. నాలుగు సాళ్ళూ తలంటు పోసినట్టు కడిగాను. ఆకు మెరిసింది.

"ఇంత మర్యాదస్తుల్ని నేను చూడలేదప్పా," అన్నాడు నారాయణప్ప, మా అందరి ముందూ. నా మొహం చేటంత అయింది.

నీళ్ళెక్కడివని అడగలేదు. నేను చెప్పలేదు. దాచాలని కాదు... చెప్పాలని తోచలేదు.

మార్చి 16, ఆదివారం

పదకొండు రౌండ్లు. దుమ్ము లేదు. ఇంత సంతోషంగా ఎప్పుడున్నానో గుర్తులేదు.

మార్చి 18, మంగళవారం

మీటింగ్ మధ్యలో ఫోన్. రత్నమ్మక్క. పురుగులు నిన్నటి నుంచి మేత ముట్టడం లేదట. "తలెత్తి ఊరికే చూస్తాండాయి మే..."

ఎందుకు నాకు చేసిందో. ఎవరికి చెప్పుకోవాలో తెలియకేమో.

మార్చి 19, బుధవారం

లీవు పెట్టి వెళ్ళాను. షెడ్డు బయటికే వాసన. తట్టల్లో పురుగులు మెత్తబడి, నల్లబడి. ముట్టుకుంటే చర్మం చిట్లి నీరు కారుతోంది. గూళ్ళు కట్టించే చంద్రికలు కడిగి, ఎండబెట్టి, గోడకు ఆనించి సిద్ధంగా ఉన్నాయి.

"రేపు ఎక్కాల్సినవి," అన్నాడు నారాయణప్ప. అంతే. గంపలకెత్తి గుంతలో పోసి, పైన సున్నం చల్లుతున్నాడు. నేనూ గంప పట్టాను. వద్దనలేదు.

ఏ ఆకు వేశారని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఆ నాలుగు సాళ్ళే మే. నువ్వు కడిగినావు కదా, శుభ్రంగా ఉండాదని ముందు అదే కోసినాము," అంది రత్నమ్మక్క.

గంప కింద పెట్టేశాను.

ఆమె అనుమానం నా మీద కాదు, పక్క చేను మునిరాజు మీద. ఆదివారం మిరపకు మందు కొట్టాడట. నారాయణప్ప గట్టు మీదికి పోయి అరిచాడు. మునిరాజు బిడ్డల మీద ఒట్టేశాడు — గాలి ఇటు లేదన్నా, నీ తోట దిక్కు కొట్టలేదన్నా... నేను నిలబడి విన్నాను. తేలు కుట్టిన దొంగలా.

మార్చి 20, గురువారం

మా నీటి శుద్ధి ప్లాంటు చూసే ఆయన్ని అడిగాను. పోయినవారం వాసన వస్తోందని ఎవరో ఫిర్యాదు చేస్తే బ్లీచింగ్ ఎక్కువ వేశాడట. "మొక్కలకేం కాదు మేడమ్."

మొక్కలకేం కాదు. నిజమే.

ఫిరోజ్: "ప్రూఫ్ ఏముంది? ఎండలకు పోయుండొచ్చు. చెప్తే గేట్ క్లోజ్. నీ ఒక్కదానికే కాదు, ఎనిమిది మందికి."

మరి మునిరాజు?

"అది వాళ్ళ ఊరి గొడవ యా."

ఫోన్ పెట్టేశాను. కోపం వాడి మీద కాదు. వాడన్నది నేను అప్పటికే అనుకున్నాను.

మార్చి 23, ఆదివారం

వెళ్ళలేదు. జ్వరమని అబద్ధం.

మార్చి 25, మంగళవారం

నారాయణప్ప ఫోన్. తన చేలోంచి నారాయణప్ప వాళ్ళు నడిచే దారికి మునిరాజు ముళ్ళకంప అడ్డం వేశాడట. ముప్పై ఏళ్ళుగా ఒకే బోరు నీళ్ళు పంచుకున్నవాళ్ళు. ఆ కబురు చెప్పి, గొంతు తగ్గించి —

"మీరేం బేజారు కావద్దండమ్మా. మీ వల్ల ఏం లేదు. మిగిలిన ఆకు పక్కూరోళ్ళ పురుగులకు ఇస్తాండాము. ఆ ట్యాంకర్ ఇంకోతూరి తెప్పించు. నువ్వు కడిగినట్ల ఇంకెవురూ కడగలేరు."

సరే అన్నాను. నోట్లోంచి దానంతటదే వచ్చింది.

మార్చి 29, శనివారం

డైరీ బ్యాగులో పెట్టుకొచ్చాను. ట్రాక్ అంచున రాయి మీద కూర్చుని రాస్తున్నాను. ఈసారి బోరు నీళ్ళ ట్యాంకర్. మంచినీళ్ళే — నేనే తాగి చూశాను. ఇలా మంచినీళ్ళు పోసేసి ఊరుకుంటే అయిపోతుందని ఫిరోజ్ అంటాడు. పక్కూరి పురుగులు బతుకుతాయి, గేటు తెరిచే ఉంటుంది, మునిరాజు మాత్రం దోషిగా మిగిలిపోతాడు.

ఇందాక రత్నమ్మక్క వచ్చి పైపు కింద దోసిలి పట్టింది. వాసన చూసింది.

"ఈతూరి నీళ్ళు వాసన రాలేదే."

పోయినసారి వచ్చిందా అక్కా?

"వచ్చింది. ఆయనకు చెప్పలేదు నేను."

నా మొహంలోకి చూసింది. తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుని షెడ్డులోకి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

నారాయణప్ప పైపు పట్టుకుని తోట దగ్గర నిలబడ్డాడు. చెయ్యూపి పిలుస్తున్నాడు — "రామ్మా, ఆకు దిక్కు నుంచే మొదలు పెడదాము..."