గ్లాసెడు నీళ్లు

నకిరేకల్

శ్రవణ్,

మీ అమ్మకు నువ్వే ఒక మాట చెప్పాలి. దండ వేసిన మీ అక్క ఫోటో ముందు రాత్రి పెట్టిన గ్లాసు నీళ్లను అత్తమ్మ రోజూ పొద్దున తీసుకుపోయి, అక్క విత్తనం నుంచి పెంచిన సొకోట్రా అడీనియంకు, అదే ఆ ఎడారి దీవి మొక్కకు, పోస్తున్నారు. అది చలికాలం ఆకులు రాల్చి నిద్రపోయే మొక్క, అప్పుడు నీళ్లు తాగదు. బుంగలా ఉబ్బిన కాండం ఇప్పటికే ఒక పక్క మెత్తబడింది. ఇంకా పోస్తే కుళ్లిపోతుంది.

"నా బిడ్డ పెంచిన చెట్టు, దూపైతది గద కొడుకా" అంటారు. వద్దనడానికి నాకు నోరు రావడం లేదు.

ఆ నీళ్లు పక్కనున్న మల్లెకు పోయమను. అడీనియం కాండంలో మీ అక్క పోసిన నీళ్లే ఇంకా ఉన్నాయని చెప్పు. ఎండాకాలం దాకా దానికి అవి చాలు.

మీ బావ