థెల్మా వాయించిన నాలుగు ఆవర్తాలు

మిల్వాకీ నగర నివాసి, వెండెల్ ఓబర్‌డింగ్ అను నేను, వయసు డెబ్బై తొమ్మిది, లేక్‌సైడ్ పాప్స్ ఆర్కెస్ట్రాకు ముప్పై ఒక్క ఏళ్ళు పాటలు కూర్చి, కండక్టర్‌గా నడిపించినవాడిని, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాయించాను. కుడిచెవి పోయింది గాని మతి పోలేదు. వెనకటి వీలునామాలు రెండూ ఇందుమూలంగా రద్దు. దీని అమలు బాధ్యత నా కూతురు మార్సీది, ఆర్కెస్ట్రా స్వరప్రతులు భద్రపరిచే డెల్ ప్రూయిట్‌ది.

1. ఇల్లు, పియానో మార్సీకి చెందవలెను. పియానో మీది కాఫీ మరకలు నావి. ఉండనీ.

2. మన సంగీతాన్ని సాసేజ్‌తో నంజుకునే సరుకు అన్న, శాస్త్రీయ సంగీతం వాయించే సింఫనీవారి పాత కండక్టర్ హోరస్ విట్‌లాక్‌కు ఆ సాసేజ్‌లోకి ఒక ఆవముద్ద సీసా ఇవ్వవలెను. ఆయన ఈమధ్య వెనకబల్ల దగ్గర కూర్చుని మన కచేరీ వింటున్నాడని నాకు తెలుసు. కాబట్టి సీసా పెద్దదే కొనండి.

3. నా కవాతు బాణీ, "ఆఖరి ఫెర్రీ" అనే మార్చ్ సంగతి. ఏటా జూలై నాలుగున, స్వాతంత్ర్య దినం నాడు, కచేరీ దానితోనే ముగుస్తుంది. జనం చప్పట్లతో తాళం వేస్తుండగా వాద్యాలన్నీ ఆగి, హార్ప్ అనే తీగవాద్యం ఒక్కటే నాలుగు ఆవర్తాలు మోగుతుంది. చప్పట్లూ ఆగిపోతాయి. పత్రికలు దాన్ని నా ప్రతిభ అని రాశాయి.

జరిగింది వేరు. 1969 కచేరీలో సరస్సు గాలికి ఎగరకుండా స్వరప్రతి పుటలకు బట్టల క్లిప్పులు పెట్టుకున్నాను. ఒక క్లిప్పు రెండు పుటలను కలిపి పట్టింది. రెండూ ఒకేసారి తిప్పేసి, ట్రంపెట్లకు ముందుగానే సైగ చేశాను. సగంమంది నాతో వచ్చారు, సగంమంది రాలేదు, అంతా ఆగిపోయింది. నేను చెయ్యెత్తి కొయ్యబారిపోయాను. హార్ప్ వాయించే థెల్మా కజ్మరెక్, ఎవరూ రాయని నాలుగు ఆవర్తాలు అప్పటికప్పుడు కల్పించి, అందరినీ మళ్ళీ దారిలో పెట్టింది. జనం లేచి నిలబడ్డారు.

మర్నాడే వాటిని స్వరప్రతిలో ఎక్కించాను. టీవీవాళ్ళు అడిగితే ఏడాది ఆలోచించి రాశానన్నాను. థెల్మా నా గదికి వచ్చింది. "నా పేరు వెయ్యకపోతే పోనీ వెండెల్, నీదని మాత్రం చెప్పుకోకు. నేను సొంతంగా కల్పించింది అదొక్కటే" అంది. సరేనన్నాను. అచ్చు వేయించినప్పుడు నా పేరే వేయించుకున్నాను. ఆపైన పంతొమ్మిదేళ్ళు ఆమె నా ఎదుట వాయించింది. ఒక్క స్వరం తప్పలేదు, ఒక్కసారీ నా వైపు చూడలేదు.

4. ప్రతి స్వరప్రతిలోనూ ఆ చోట డెల్ ఆమె పేరు సిరాతో రాయవలెను. పెన్సిల్‌తో రాస్తే మనవాళ్ళు చెరిపేస్తారు. మార్చ్ హక్కుల్లో సగం ఆమెవి. నా మేజా సొరుగులో ఉన్న ఆనాటి క్లిప్పు కూడా ఆమెకే.

5. నా సంస్మరణ కచేరీలో ఈ మార్చ్ వాయించవలెను. థెల్మాకు ఈ కాగితం నకలు పంపండి, బతిమాలవద్దు. ఆమె రాకపోతే ఆ నాలుగు ఆవర్తాలూ నిశ్శబ్దంగా వదిలేయండి, మరెవరూ నింపరాదు. వస్తే, ఆ చోటు రాగానే కండక్టర్ వేదిక దిగిపోవలెను. అప్పుడు తల ఎత్తమని ఆమెకు చెప్పండి. ఎదురుగా నేనుండను.

1998 అక్టోబరు 12, మిల్వాకీ.

(సంతకం) వెండెల్ ఓబర్‌డింగ్

సాక్షులు:
రోజలిన్ టిబెట్స్, పొరుగింటావిడ
ఎర్ల్ నీబర్, ట్రంపెట్, ఆ రోజు నాతోపాటు తప్పుచోట ఊదినవాడు