మార్తవ్వకు పాట

చొప్పదండి, 9 జూలై 1978, రాత్రి

మా చర్చి సంఘంలో ఎవరు పోయినా యోహాను తాత వాళ్ల పేరున కొత్త పాట కట్టి సమాధి దగ్గర పాడతాడు. చూపు లేనివాడు, రాసుకోలేడు. కట్టిన పాటను భార్య మార్తవ్వకు వినిపిస్తే ఆమె గుర్తు పెట్టుకునేది. ఈ రోజు ఆమెనే మట్టిలో పెట్టాం.

"ఒక్క చరణమన్న పాడు తాతా, పద్ధతి గదా" అని పెద్దలు పట్టుబట్టారు.

నాకు ఒళ్లు మండింది. "ముసలాయనను జర ఏడ్వనియ్యండ్రి" అని అరిచాను.

తాత నా చెయ్యి పట్టుకున్నాడు. "కొట్లాడకు బిడ్డా. పొద్దుగాలనే కట్టిన. గిప్పుడు మొదటి పాదం తప్ప యాదికొస్తలేదు."

దేవుడు లేడని కరపత్రాలు చదివి వినిపిస్తూ ఆయనతో రోజూ వాదించేవాణ్ణి. ఇప్పుడు పక్కింట్లో ఆయన ఆ మొదటి పాదమే పాడి ఆగుతున్నాడు, తర్వాతిది ఎవరో అందిస్తారన్నట్టు.