ఇద్దరి బరువుకు బిగించిన లైట్లు

సైదమ్మా,

ఎట్లా ఉన్నావని అడిగితే నవ్వుతావు కాబట్టి అడగను. నువ్వు పోయి ఏడు నెలలు దాటి పది రోజులైంది. మేం ఉన్నాం. మన స్వప్న ఉంది, నేనున్నాను, మేకలున్నాయి.

అక్షరాలు ఇంత పెద్దగా రాస్తున్నానేమిటని వెక్కిరించకు. రెండు కళ్లలోనూ శుక్లాలట. షుగరు దిగేదాకా ఆపరేషన్ కుదరదన్నారు దవాఖానలో. షుగరేమో దిగనంటోంది. నువ్వుంటే చాయ్‌లో చక్కెర కలుపుకుంటున్నప్పుడే చెంచా గుంజుకునేదానివి. ఇప్పుడెవరు గుంజుకుంటారు...

ఒక తప్పు చేశాను. అది చెప్పడానికే రాస్తున్నాను. తిట్టదలిస్తే తిట్టు, నీ తిట్లు విని కూడా చాలా రోజులైంది. మన స్కూటర్ సంగతి. దాని ముందు మనం పెట్టించిన రెండు పసుపు లైట్ల సంగతి.

సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో నీ జాగాలో స్వప్నను పెట్టుకున్నారు. పొద్దున్న ఐదింటికల్లా పొయ్యి అంటించాలి కదా, నాలుగున్నరకే ఇల్లు దాటుతుంది. అదే దారి, అవే పదకొండు కిలోమీటర్లు, అదే సున్నపురాయి లారీల దుమ్ము. ఇదివరకు నేను నడిపేవాడిని, నువ్వు వెనక కూర్చునేదానివి. ఇప్పుడు నాకు చీకట్లో దారి ఆనదు. పిల్ల ఒక్కతే పోతోంది.

నేను వాకిట్లో నిలబడతాను. వెనక ఎర్రలైటు కాసేపు కనపడినట్టే ఉంటుంది. తర్వాత ఇక చప్పుడే. మలుపు తిరిగిందని చప్పుడును బట్టి తెలుసుకుంటాను. ఇంతకంటే నా వల్ల ఏమవుతుంది చెప్పు?

ఆ లైట్లు పెట్టించిన రోజు గుర్తుందా? దుమ్ములో మన హెడ్‌లైటు దేనికీ చాలడం లేదని నేనే తీసుకుపోయాను. మెకానిక్ పదిహేను నిమిషాల పనన్నాడు. హెడ్‌లైటు వైరు కోసి, దానికి ఇది మెలిపెట్టి, పైన టేపు చుట్టడమేనన్నాడు. నేను సరేనన్నాను. నువ్వు స్టూలు జరుపుకుని వాడి పక్కనే కూర్చున్నావు. నీకు ఊరుకోవడం ఎక్కడ తెలుసు? మీ నాయిన మోటార్ల వైండింగు కొట్టులో రాగితీగల మధ్య పెరిగినదానివాయె.

“హెడ్‌లైటు వైరుకు జోడెయ్యకు తమ్మీ. దాని బువ్వ అది తింటాంది. వీటికి ఏరే ఇస్తరెయ్యి, బ్యాటరీ కాడికెళ్లి.”

బ్యాటరీ నుంచే విడిగా వైరు లాగమనడం అది. వాడు నవ్వాడు. కొట్టు ముందున్న వాళ్లందరూ నవ్వారు. నువ్వు మాత్రం నవ్వలేదు. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టించావు. “ఫ్యూజు కాలితె కాలనియ్, బండి కాలొద్దు” అన్నావు. స్విచ్ మీద భారం పడకుండా మధ్యలో రిలే డబ్బా పెట్టించావు. వైరు ఇనుముకు ఒరుసుకునే చోటల్లా రబ్బరు గొట్టం తొడిగించావు. అంతా అయ్యాక హ్యాండిల్‌ను ఇటు చివరికీ అటు చివరికీ నువ్వే తిప్పి, వైరు ఎక్కడా గుంజుకుపోవడం లేదని వేలు పెట్టి చూశావు.

నేను నాలుగు లైట్లు పెడదామన్నాను. నువ్వన్న మాట ఆ మెకానిక్ ఇప్పటికీ నేను కనపడితే అప్పజెప్తాడు. “బండికి పెట్టిస్తున్నవా, పెండ్లి పందిరికా? గా బ్యాటరీ ఎన్నని మోస్తది పాపం...”

అప్పుడు నేను చాయ్ హోటల్ దగ్గరికి పోయి, నీకూ నాకూ సంబంధం లేనట్టు నిలబడ్డాను. నీకది తెలుసు. ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. ఆ రోజు నీ పక్కన ఇంకో స్టూలేసుకుని కూర్చోవలసింది. ఇప్పుడనుకుని ఏం లాభం?

ఆ సాయంత్రం మేకల కొట్టం గోడకు పది అంగల దూరంలో బండి నిలబెట్టించావు. లైట్లు ఎంత ఎత్తున ఉన్నాయో కొలిచి గోడ మీద ఎర్రమట్టి జాజుతో చుక్క పెట్టావు. ఆ చుక్కకు బెత్తెడు కింద అడ్డంగా గీత గీశావు. వెలుగు ఆ గీతకు పైకి పోకూడదన్నావు.

“మన లైటు మనకు తొవ్వ సూపియ్యాలె. ఎదుటోని కండ్లల్ల కారం కొట్టొద్దు.”

నన్ను ముందు కూర్చోమని, నువ్వు వెనక కూర్చున్నావు. ఉత్త బండికి సరిచేస్తే చాలు కదా అంటే వినలేదు. “ఎప్పుడు ఇద్దరం పోతం గద. ఇద్దరం కూసునే సూడాలె.” అప్పుడు స్వప్న తొమ్మిదో తరగతి. దాని చేతికి పానా ఇచ్చి, వెనక సీటు మీది నుంచే జర కిందికి, జర పైకి అని చెప్తూ లైట్లు వంచించావు. చివరి బిగింపు మాత్రం నువ్వే దిగివచ్చి బిగించావు. దాని గోళ్లరంగు సీసా తెప్పించి ఒక్కో నట్టు మీద, నట్టునూ పట్టీనీ కలిపి, ఎర్రటి చుక్క పెట్టావు. “రంగు పగిలిందంటె నట్టు కదిలినట్టు. రోజు పొద్దుగాల జర సూస్కో.”

రోజూ చూసుకున్నాను సైదమ్మా. ఒక్కరోజు కూడా పగల్లేదు.

దారిలో నీ కుడిచెయ్యి నా భుజం మీద ఉండేది. ఎదురుగా ఏదైనా వస్తుంటే ఒకసారి తట్టేదానివి. నేను ఆ రెండు లైట్లు ఆర్పేవాడిని. అది దాటిపోయాక మళ్లీ తట్టేదానివి. మాటలే అక్కర్లేదు. మనం పోట్లాడుకుని మాట్లాడని రోజుల్లో కూడా ఆ చెయ్యి తన పని తాను చేసుకుపోయేది...

నువ్వు పోయిన మూడో నెలలో స్వప్న పనిలో చేరింది. వారం తిరక్కముందే లైటు ముందరే పడుతోందని, నాలుగడుగుల అవతల ఏముందో తెలియడం లేదని చెప్పింది. ఒకసారి గుంతలో పడి నడుము పట్టేసింది కూడా. మెకానిక్‌ను అడిగితే ఇంకా పెద్దవి, తెల్లవి పెడదామన్నాడు. నీ మాటలు గుర్తొచ్చి వద్దన్నాను. అద్దం తుడిచాను. బ్యాటరీ చూపించాను. అన్నీ బాగానే ఉన్నాయి. మరి వెలుగెందుకు ముందుకు పోదు?

ఒకరోజు పొద్దుగూకే వేళ నేనే చూద్దామని పిల్ల వెనక కూర్చున్నాను. స్విచ్ వేసిందో లేదో, పిల్ల బండి ఆపేసింది. వెలుగు రోడ్డు మీద ఎప్పటిలా దూరం పోయిందట. నేను దిగాను. మళ్లీ దగ్గరికి వచ్చేసిందట. ఎక్కాను. పోయింది.

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. లైట్లకేం కాలేదు. వెనక సీటు మీద నువ్వు లేవు, అంతే. వెనక బరువు లేక బండి ముందుకు వంగుతోంది, దానితోపాటు వెలుగూ వంగుతోంది.

స్వప్న పానా తెచ్చింది. రెండు నట్లు వదులు చేసి కాస్త పైకెత్తి బిగిస్తే అయిపోయే పని. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నావంటే ఏం చెప్పను... ఆ ఎర్రచుక్కలు నీ చేత్తో పెట్టినవి. నువ్విక రావని ఊరందరికీ చెప్పాను, పెద్దకర్మ కార్డుల్లో రాయించాను, రేషన్ షాపులో పేరు తీయించాను. బండికి కూడా చెప్పాలా?

అప్పుడు చేశాను తప్పు.

యూరియా సంచిలో ఇసుక నింపాను. హైదరాబాద్ దవాఖానకు మొదటిసారి పోయినప్పుడు చీటీలో నీ బరువు యాభై ఎనిమిదని రాశారు. చివరిసారి ముప్పై తొమ్మిది. ఆ ముప్పై తొమ్మిది నాకు చీటీ చూడకుండానే తెలుసు, ఎత్తి మంచం మీద పడుకోబెట్టింది నేనే కదా. కానీ లైట్లు బిగించిన రోజు నువ్వు ముప్పై తొమ్మిది కాదు. అందుకని రేషన్ షాపు కాంటా మీద పెట్టి, సరిగ్గా యాభై ఎనిమిది చేయించాను. దేనికని అడిగితే మేకల కొట్టంలోకి అని అబద్ధం చెప్పాను. తెచ్చి వెనక సీటుకు పాత ట్యూబు రబ్బరుతో కట్టాను.

స్వప్న సంచి వైపు చూసింది, నా వైపు చూసింది, బండి తీసింది. నా కోసమే ఊరుకుంది. ఆ గుణం మాత్రం నీది కాదు, నువ్వైతే సంచి తీసి నా నెత్తిన పెట్టేదానివి.

నాలుగు రోజులు వెలుగు మళ్లీ దూరం పడింది. సంతోషపడ్డాను కూడా. వాకిట్లో నిలబడి, మసకలో సీటు మీద ఇద్దరున్నట్టు చూసుకున్నాను. ఇంత వయసొచ్చి నాకు సిగ్గన్నా ఉండాలి కదా?

ఐదో రోజు క్వారీ మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. పిల్ల బండిని పక్కకు ఒరిగించింది. నువ్వైతే మలుపులో నాతోపాటే ఒరిగేదానివి. సంచికేం తెలుసు? అది జారింది. బండీ పిల్లా రోడ్డు మీద పడ్డారు.

ఎడమచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. మోకాళ్లు గీసుకుపోయాయి. అంతకంటే ఏం కాలేదు. భయపడకు, ఏం కాలేదు. లారీ రెండు గజాల ఇవతల ఆగింది. ఆ డ్రైవరే పిల్లను ఎక్కించుకుని దవాఖానలో చేర్చాడు. మన లైట్లు తన కళ్లలో కొట్టలేదు కాబట్టే పిల్ల పడడం కనిపించిందనీ, కనిపించింది కాబట్టే బ్రేకు తొక్కాననీ నాతో చెప్పాడు. ఈ మధ్య అందరూ పెట్టుకుంటున్న తెల్ల లైట్లయితే ఏమయ్యేదో తెలియదన్నాడు. నేను అతని రెండు చేతులూ పట్టుకున్నాను.

నీ బరువు పేరు చెప్పి నీ బిడ్డనే పడేశాను సైదమ్మా. నీ గీత దాన్ని కాపాడింది. నేనేం చేశాను?

పిల్ల నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఇంటికొచ్చిన రోజు మాత్రం, కట్టు విప్పాక ఆ నట్లు విప్పుదాం నాయినా అంది. అంతే అంది.

మొన్న కట్టు విప్పారు. సోమవారం నుంచి మళ్లీ పనికి పోతానంటోంది. వద్దనే ముఖం నాకుందా? నిన్న సాయంత్రం పది అంగలు కొలిచి, గోడ ముందు బండి నిలబెట్టాం. నువ్వు నన్ను కూర్చోబెట్టినట్టే స్వప్నను సీటు మీద కూర్చోబెట్టాను. ఒక్కదాన్నే. పానా నేను పట్టుకున్నాను.

చాలాసేపు తిప్పలేకపోయాను. చివరికి తిప్పాను. రంగు పగిలింది. చిన్న ఎర్ర పెచ్చు ఊడి నా బొటనవేలికి అంటుకుంది.

ఇప్పుడు ఒక్కరి బరువు కదా, గోడ మీద కొత్త గీత గీయాలేమోనని జాజు కూడా నానబెట్టి పెట్టుకున్నాను. నాకు గోడ మీద పసుపు మసక తప్ప ఏమీ కనపడదు. లైట్లను కొంచెం కొంచెంగా పైకెత్తుతూ పోయాను. ఇంతకు మించితే ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది, ఆగమని పిల్ల చెప్పింది. ఆగాను. ఎక్కడుందని అడిగాను. వెలుగు పై అంచు ఎక్కడుందో సీటు మీది నుంచే చెప్తాను, చేత్తో చూడమంది. పోయి, పిల్ల చెప్పిన చోట గోడ తడిమాను. జాజు గరుకు వేలికి తగిలింది.

నీ గీత మీదే ఉంది సైదమ్మా. సరిగ్గా దాని మీదే. ఇద్దరు కూర్చున్నా ఒక్కరు కూర్చున్నా ఎదుటివాడి కళ్లు ఉండే ఎత్తు మారదు కదా... ఇంత చిన్న సంగతి నాకు తోచలేదు.

నట్ల మీద స్వప్న కొత్త చుక్కలు పెట్టింది. ఇసుక కొట్టంలో పోశాను, మేకపిల్లలు దాని మీద పడుకుంటున్నాయి.

ఒకటే మిగిలిపోయింది. దాని భుజం తట్టేవాళ్లు లేరు. కళ్లు బాగయ్యాక నేను వెనక కూర్చుని తట్టనా అని అడిగాను. నువ్వు కూర్చుంటే లైటు గీత దాటుతుంది నాయినా అంది పిల్ల. నిజమే. ఇప్పుడది ఒక్కరి బండి.

కాబట్టి కూర్చోను. సోమవారం నుంచి రోజూ నాలుగింటికి లేచి, కళ్లకు కనపడకపోయినా వేలితో తడిమి ఆ రెండు చుక్కలు చూసి పంపిస్తాను. తర్వాత వాకిట్లో నిలబడతాను. వానలు పడకముందే గీత మీద మళ్లీ జాజు పూస్తాను. చాయ్‌లో చక్కెర సంగతి మాత్రం ఇప్పుడే మాటివ్వలేను, అబద్ధమవుతుంది.

వాకిట్లోనే ఉంటాను,
నీ వెంకన్న