పలివెల ఎండకి నిలిచిన చుక్క

హైదరాబాదు, మార్చి 2

మహాలక్ష్మీసమానురాలైన మేనత్త అప్పాయమ్మ గారికి గోపీకృష్ణ నమస్కరించి వ్రాయునది.

మీ ఫోను కాలవలో పడ్డ పాపానికి ఈ ఉత్తరం. సెలవులకి వచ్చినప్పుడు మీ ఫ్రిజ్‌లో, కొబ్బరి పచ్చడి పక్కన, నా సీసా మరిచిపోయాను. అందులో ఉన్నది ఈస్టు. పిండిని పులియబెట్టే జాతే, కానీ మా ల్యాబుది కంటికి మేలుచేసే నారింజరంగు కెరోటిన్ తయారుచేస్తుంది. చేస్తుందంటే, బద్ధకంగా చేస్తుంది. ఇరవయ్యో తారీకు కమిటీ పరీక్షలో రంగు పెరక్కపోతే ప్రాజెక్టూ, నా ఉద్యోగమూ గోదాట్లో కలుస్తాయి. ఇక్కడి సీసాలన్నీ పాడయ్యాయి. పదహారున వచ్చి పట్టుకెళ్తాను. అందాకా చల్లగా ఉంచి, రోజూ చెంచాడు పంచదార నీళ్ళు పోయండి.

విధేయుడు,
గోపి

తా.క. పచ్చడనుకుని మావయ్యగారు తినకుండా చూడండి.

పలివెల, మార్చి 6

చిరంజీవి గోపికి అత్తయ్య ఆశీస్సులు.

బద్ధకస్తులకి పంచదారేంట్రా? మీ మావయ్యని నలభయ్యేళ్ళుగా చూస్తున్నాను, చల్లగా కూర్చోబెట్టి తీపి పెడితే ఎవరూ పని చెయ్యరు. గట్టి గంజి పళ్ళెంలో పోసి, దాని మీద నీ వాళ్ళని చల్లి, వడియాల పక్కన ఎండలో పెట్టేను. సగం మంది పోయేరు.

అత్తయ్య

తా.క. మావయ్య తినలేదు. వాసన చూసేరు, అంతే.

హైదరాబాదు, మార్చి 10

అత్తయ్యా!

సగమా? నా ఆరేళ్ళ చదువు వడియాల పక్కన ఎండుతోందా? తక్షణం నీడకి చేర్చండి!

హతాశుడు,
గోపి

తా.క. బతికినవాళ్ళకి నా తరఫున క్షమాపణ చెప్పండి.

పలివెల, మార్చి 14

ఒరే గోపీ,

నీ ఉత్తరం అందేసరికి నాలుగో విడత ఎండ అయిపోయింది. నీ వాళ్ళు గంజి మీద చుక్కలు చుక్కలుగా పెరిగేరు. పోయినవన్నీ పాలిపోయిన చుక్కలేరా. నిలిచినవి ఎర్రచుక్కలు. మనం విత్తనం కొబ్బరికాయ ఎలా ఏరతాం? బాగా కాసిన చెట్టుదే ఉంచుతాం, మిగతావి పచ్చడికి. అలాగే ప్రతి విడతా ఎర్రనివే ఏరి కొత్త గంజికి ఎక్కించేను. తెల్లమొహాలన్నీ గేదె కుడితిలోకి పోయేయి. వచ్చి పట్టుకెళ్ళు.

అత్తయ్య

తా.క. క్షమాపణ చెప్పేను. పళ్ళెంతో మాట్లాడుతుంటే పక్కింటి ఉషారాణి చూసి, నన్ను అమలాపురంలో మంచి డాక్టరుకి చూపించమని మీ మావయ్యతో అంది.

హైదరాబాదు, మార్చి 21

విజయలక్ష్మీసమానురాలైన అత్తయ్యకి సాష్టాంగం.

గెలిచాం! పదహారున తెచ్చిన మీ ఎర్రచుక్క మా పాతదానికి ఆరు రెట్లు కెరోటిన్ ఇచ్చింది. ఎండకి గొడుగు ఆ కెరోటినే, అందుకే అది ఎక్కువున్నవే నిలిచాయి. కమిటీ పెద్దలు కుర్చీల్లోంచి లేచారు. ఏ పద్ధతి అనడిగితే, "విత్తనం కాయ పద్ధతండి" అన్నాను. అందరూ గంభీరంగా రాసుకున్నారు. నా ఉద్యోగం పదిలం. ఈ రకానికి 'అప్పాయమ్మ-1' అని పేరు పెట్టారు. ఒక్కటే షరతు: ఇది లోకంలో మా ల్యాబులో తప్ప ఇంకెక్కడా ఉండకూడదు. పరమ రహస్యం.

మీ శిష్యుడు,
గోపి

తా.క. గేదె ఎలా ఉంది?

పలివెల, మార్చి 25

చిరంజీవి గోపికి,

రహస్యమని నువ్వు చెప్పాలట్రా? అందుకే ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచి, చెవిలో చెప్పి, నా దగ్గర మిగిలిన ఎర్రచుక్కల గంజి తలా చెంచాడు ఇచ్చేను. ఇప్పుడు మన వీధిలో పదకొండు ఇళ్ళ ముందు పళ్ళేలు ఎండుతున్నాయి. గేదె బ్రహ్మాండంగా ఉంది.

అప్పాయమ్మ (నంబర్ వన్)

తా.క. ఎదురింటి బంగారరాజు గారు తన పళ్ళెం రేకుల షెడ్డు మీద పెట్టేరు. నీ దానికంటే ఎర్రగా వచ్చింది. 'అప్పాయమ్మ-2' అంటే ఒప్పుకోరంట. 'బంగారరాజు-1' అనే రాయాలంట.